ఇంజనుకు గాజులేసిన రోజు

అజీజున్నీసా కూర్చునే గాజుల దుకాణంలో సైజులు ఉండేవి కావు. పత్తర్‌గట్టి నుంచి చార్మినార్ వైపు పోతుంటే ఎడమచేతి గల్లీలో మూడో దుకాణం అది. మిగతా దుకాణాల వాళ్లు రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని అట్టపెట్టెల మీద రాసిపెట్టుకుని, ఏ పెట్టె ఎక్కడుందో తెలియక పొద్దంతా కిందా మీదా పడేవాళ్లు. ఇక్కడ అన్నీ ఒకటే సైజు. వచ్చినామె చెయ్యి ఎంత లావుదైనా, ఎముక ఎంత మొండిదైనా, అజీజున్నీసా ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని, వేళ్లన్నీ దగ్గరికి నొక్కి, గాజును వాటి చివర ఆనించేది. గాజు ఊపిరి పీల్చుకున్నట్టు కొంచెం సాగేది. పిడికిలి దాటి మణికట్టు మీదికి రాగానే ఊపిరి వదిలి మళ్లీ తన కొలతకు వచ్చేసేది. ముప్ఫైనాలుగేళ్లలో ఆమె చేతిలో ఒక్క గాజు కూడా పగల్లేదు.

దాన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్లు కారు. ఒకరి చేతిలో రొట్టె బాగా పొంగుతుంది, ఇంకొకరు నాటితే మల్లెతీగ తొందరగా పాకుతుంది, అజీజున్నీసా చేతిలో గాజు సాగుతుంది. అంతే. ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే పక్క దుకాణం వాళ్లు మాత్రం, "ఆపాకు ఏం ఫికర్? పెట్టెలు ఎతికే పని లేదు" అని కొంచెం కుళ్లుకునేవాళ్లు.

గాజు ఎక్కేటప్పుడు ఆమె ఊరికే ఉండేది కాదు. "ఇయ్యాల ఏం కూర? అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పెద్దోడు ఇంకా అన్నం కాడ లొల్లి చేస్తున్నడా?" అని అడుగుతూనే ఉండేది. నొప్పి పుడుతుందేమో అని ఆలోచించే చెయ్యి బిగుసుకుంటుంది. కూర గురించి ఆలోచించే చెయ్యి వదులవుతుంది. ఈ సంగతి ఆమెకు చాలా ఏళ్ల అనుభవం మీద తెలిసింది.

ఆ దుకాణం ఒక శుక్రవారం నాడు మూతపడింది. దుకాణం యజమాని కొడుకు మనీష్ తానే వచ్చి, ఆమె ముందు తలవంచుకుని నిలబడి చెప్పాడు.

"అమ్మా, గాజులు నడుస్తలేవు. అందరు ఫోన్లనే చూసి తెప్పించుకుంటున్నరు. ఇక్కడ ఫోన్ కవర్లు పెడుతున్నం. ఏమనుకోకు."

"నువ్వేం జేస్తవ్ బేటా," అంది అజీజున్నీసా. మనీష్ మిగిలిన సరుకులోంచి ఒక పెట్టె పచ్చగాజులు ఆమె చేతికిచ్చి, ఆటో కూడా తానే పిలిచి ఎక్కించాడు.

ఇల్లు మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో. కింద ఆమె భర్త షఫీఉద్దీన్ కార్ల గ్యారేజీ, పైన రెండు గదుల ఇల్లు. షఫీఉద్దీన్ మంచివాడు. "ఇన్నేండ్లు మస్తు కష్టపడ్డవ్. ఇంక ఆరాం చెయ్ బేగం" అన్నాడు ప్రేమగా. అజీజున్నీసా ఆరాం చేయడానికి చాలా ప్రయత్నం చేసింది. శనివారం గిన్నెలన్నీ తోమింది. ఆదివారం తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది. సోమవారం బియ్యం డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, బియ్యం మళ్లీ పోసింది. మంగళవారం నాటికి ఆమె వేళ్లు వాటంతట అవే ఒకదాన్నొకటి నొక్కుకోవడం మొదలుపెట్టాయి. టీ గ్లాసు పట్టుకున్నా అది కొంచెం సాగి, టీ ఒలికిపోతోంది.

బుధవారం పొద్దున పదిన్నరకు గల్లీ చివర బుస్సుమని చప్పుడు వినిపించింది. ఒక తెల్ల అంబాసిడర్ ముక్కులోంచి ఆవిరి కక్కుతూ, తూలుతూ వచ్చి గ్యారేజీ ముందు ఆగింది. దాని అద్దం మీద ఎర్ర ఎల్ అక్షరం అంటించి ఉంది. స్టీరింగ్ వెనక అలివేలు. పక్కసీట్లో ఆమె భర్త గోపాలకృష్ణ, ఒడిలో నీళ్ల సీసాలు పెట్టుకుని.

అలివేలుకు నలభైతొమ్మిదేళ్లు. రెండు గల్లీల అవతల ఉంటుంది. ఇంట్లోనే వండి, జల్‌పల్లిలో కొత్తగా వెలిసిన కాలనీలకు భోజనం క్యారియర్లు పంపుతుంది. పొద్దున్నే ఉద్యోగాలకు పరుగెత్తే కుర్రజంటలు అక్కడ చాలామంది. ఆమె పప్పుచారంటే వాళ్లకు ప్రాణం. కాని క్యారియర్లు తీసుకుపోయే ఆటోవాళ్లు ఒకరోజు వస్తే ఒకరోజు రారు. అందుకని ఆరు నెలల కింద అలివేలు, గోపాలకృష్ణ ఆఫీసుకు పోయిన వేళ చూసి, గల్లీలో కవరు కప్పి ఉన్న ఆ అంబాసిడర్ తాళంచెవి చేతిలోకి తీసుకుంది. మొదట ఆయన లబలబలాడాడు. తర్వాత తానే పక్కన కూర్చుని నేర్పాడు. ఆ బండికి గేరు కాళ్ల దగ్గర ఉండదు, స్టీరింగ్ పక్కన కొమ్మలాగా ఉంటుంది. అలివేలు చేతికి అదే అలవాటైంది.

"షఫీ భాయ్!" అలివేలు దిగుతూనే అరిచింది. "ఇయ్యాల మూడు గంటలకు నా డ్రైవింగ్ టెస్టు. ఇది గిట్ల బుసలు కొడుతున్నది. జల్ది చూడు భాయ్!"

"ఫికర్ చెయ్యకు అమ్మా," అన్నాడు షఫీఉద్దీన్ బానెట్ ఎత్తి. ఇంజను తలమీద వేడినీళ్లు రేడియేటర్‌కు పోయే దారికి ఒక ఇనప మూత ఉంటుంది. దాని అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. "లోపల అట్ట పోయింది. మూడు బోల్టులు ఇప్పాలె, అట్ట మార్చాలె, మూడు బోల్టులు బిగించాలె. అర్ధగంట."

మొదటి బోల్టు మూలుగుతూ వచ్చింది. రెండోది తుప్పు రాల్చుకుంటూ వచ్చింది. మూడోదానికి షఫీఉద్దీన్ నూనె పోశాడు, సుత్తితో నెత్తిన నాలుగు దెబ్బలు కొట్టాడు, మంట పెట్టి వేడి చేశాడు, పానా తగిలించి మెల్లగా, చాలా మెల్లగా తిప్పాడు.

టక్.

పానా చేతిలోకి తేలిగ్గా వచ్చేసింది. దానితో పాటు సగం బోల్టు. మిగతా సగం ఇంజనులోనే ఉండిపోయింది.

షఫీఉద్దీన్ ఆ ముక్కను కాసేపు చూశాడు. "ఏం గాదు," అన్నాడు, కాని అమ్మా అనలేదు. విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పాడు. ఈసారి ఇంకా లోతుగా విరిగింది. డ్రిల్లు తీశాడు. బోల్టు ముక్క గట్టిది, చుట్టూ ఉన్న పాత ఇనుము మెత్తది. డ్రిల్లు ములికి గట్టిదాన్ని వదిలేసి, మెత్తటి వైపుకు జారి, రంధ్రం పక్కగోడను తినేసింది. ముక్క బయటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంది.

బోల్టు మీదా, అది దిగే రంధ్రం లోపలా మెట్లలాగా తిరిగే గీతల్ని మెకానిక్‌లు చూడీలంటారు. ఉర్దూలో గాజుల్ని కూడా చూడీలే అంటారు. పెళ్లయిన కొత్తలో షఫీఉద్దీన్ ఒకసారి నవ్వుతూ అన్నాడు: "నీయి చూడీలే, నాయి చూడీలే. గని నా చూడీల మీద బండ్లు నడుస్తయ్." ఆయన ఆ మాట ఆ రోజే మర్చిపోయాడు. అజీజున్నీసా మర్చిపోలేదు.

"గోపాల్ సాబ్," అన్నాడు షఫీఉద్దీన్ చేతులు తుడుచుకుంటూ. "చూడీలు మొత్తం పోయినయ్. మామూలుగ అయితే రంధ్రం పెద్దగ జేసి, కొత్త చూడీలు కోసి, లోపల స్ప్రింగు లెక్క తీగ ఏస్తం. గని ఇక్కడ ఒక దిక్కు గోడనే లేదు. తీగ నిలువది. హెడ్ దించి లేత్ మిషన్ కాడికి పంపాలె. రేపు సాయంత్రం అయితది."

అలివేలు ఏడవలేదు, అరవలేదు. పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది.

"రేపు లాభం లేదు భాయ్. నా లెర్నర్ లైసెన్సు ఇయ్యాలటితో ఆఖరు. ఇప్పటికే రెండుసార్లు ఫెయిల్ అయిన. మల్ల మొదటి నుంచి అంటే ఇంకో రెండు మూడు నెలలు. సోమవారం నుంచి జల్‌పల్లి కొత్త బడి టీచర్లకు ముప్ఫై క్యారియర్లు ఒప్పుకున్న. ఆటో మీద భరోసా పెట్టి ఒప్పుకోలే. నా మీద పెట్టి ఒప్పుకున్న."

"డ్రైవింగ్ స్కూల్ వాళ్ల చిన్న కారు అడుగుదామా?" అన్నాడు గోపాలకృష్ణ.

"మొదటిసారి అందులనే కదా ఫెయిల్ అయింది! గేరు అనుకొని మీ మోకాలు పట్టుకున్న. మర్చిపోయిన్రా?"

పైన కిటికీలో బియ్యం చేట పట్టుకుని నిలబడ్డ అజీజున్నీసా ఇదంతా విన్నది. చూడీలు మొత్తం పోయినయ్ అన్న మాట దగ్గర ఆమె వేళ్లు గట్టిగా నొక్కుకున్నాయి. చేట అంచు వంగిపోయింది. ఆమె చేట కింద పెట్టి, మంచం కింద నుంచి పచ్చగాజుల పెట్టె తీసి, చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. ముప్ఫైనాలుగేళ్లలో ఆమె గ్యారేజీలోకి టీ ఇవ్వడానికి తప్ప రాలేదు.

"జరగు జీ," అంది భర్తతో.

"బేగం, ఇది చెయ్యి గాదు. ఇనుము."

"చూస్తే తెలుస్తలేదా నాకు?" ఆమె కొంగు నడుముకు చుట్టి, చిటికెన వేలు రంధ్రంలో పెట్టింది. కళ్లు మూసుకుని చుట్టూ తడిమింది. "కుడి దిక్కు మంచిగనే ఉన్నది. ఎడమ దిక్కు నువ్వు తిన్నవ్."

గోపాలకృష్ణ నవ్వు ఆపుకోవడానికి సీసా ఎత్తి నీళ్లు తాగాడు.

షఫీఉద్దీన్‌కు ఆమె ఏం చేయబోతోందో అర్థమైంది. గాజు సాగుతుందా అని ఆయనకు అనుమానం లేదు, అది ఆయనకు రోజూ తెలిసిందే. ఆయన అనుమానాలన్నీ పనివి. "లోపల నీళ్లు మసులుతయ్. బోల్టు బిగిస్తే గుంజుతది. అదంతా ఒక దిక్కు. చూడీ అంటే గాజు లెక్క గుండ్రంగ ఉండి ఆగిపోదు బేగం. మెట్లు ఎక్కినట్టు ఒకదాని మీదికి ఒకటి తిరగాలె."

"ఎన్ని మెట్లు?"

"ఏడు."

"ఒక్కోదాన్ని కొంచెం మెలేస్తే పై దాంట్ల కలుస్తది. అది కష్టం గాదు." ఆమె ఒక పచ్చగాజు తీసి వెలుగులో తిప్పి చూసింది. "కష్టం ఇంకోటి ఉన్నది. చేతికి ఏసేటప్పుడు గాజు సాగాలె. దీనికి ముడుచుకోవాలె. ఇన్నేండ్ల నుంచి సాగుమనే అడిగిన. ముడుచుకోమని ఎన్నడు అడగలే."

షఫీఉద్దీన్ గాజుముక్కలేమన్నా పడితే ఇంజనులోకి పోకుండా రంధ్రం అడుగున చిన్న గుడ్డపేలిక కుక్కాడు. గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. అజీజున్నీసా గాజును రంధ్రం అంచున ఆనించి, బొటనవేలితో నొక్కింది.

గాజు వణికింది. కొంచెం ముడుచుకుంది. ఉంగరమంత అయింది. ఇంకొంచెం—

ఫట్‌మని పగిలింది.

పచ్చముక్కలు ఇంజను మీద మెరుస్తున్నాయి. అజీజున్నీసా తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుంది. తర్వాత వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"ముప్ఫైనాలుగేండ్లల..." అంది. మాట పూర్తి కాలేదు. "దుకాణం పోయింది. దానితోటి చెయ్యి గూడ పోయినట్టున్నది."

లేచింది అలివేలు. అప్పటిదాకా టైరు మీద నీరుగారిపోయి కూర్చున్న మనిషి, గబగబా వచ్చి అజీజున్నీసా ముందు గొంతుక్కూర్చుంది. ఆమె కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, వేళ్లన్నీ దగ్గరికి నొక్కింది. తన పెళ్లికి, సీమంతానికి, ఆ తర్వాత ప్రతి పండక్కీ అజీజున్నీసా తన చేతిని ఎలా పట్టుకునేదో అచ్చం అలాగే పట్టుకుంది.

"ఆపా, ఇయ్యాల ఏం కూర?"

"ఏంది?"

"ఏం కూర వండినవ్ అంటున్న."

"టైమెంతయింది అలివేలూ, నీ టెస్టు..."

"టెస్టు సంగతి నేను చూసుకుంట. నువ్వు కూర సంగతి చెప్పు."

అజీజున్నీసా ఆమె ముఖంలోకి చూసింది. "అంబాడ గోష్," అంది చివరికి.

"గోంగూర లేతదా, ముదురా?"

"ముదురు. మార్కెట్ల ఆ మూల కూసునే ఆమె లేతది అని చెప్పి కట్టిచ్చింది. ఇంటికొచ్చి ఇప్పితే కట్టెపుల్లలు."

"నాకు గూడ గట్లనే చేస్తది! పైన లేతది, లోపల ముదురు. మొన్న నేను కట్ట అక్కడనే ఇప్పి చూసిన. ఎంత లొల్లి చేసిందో!"

"ఇప్పితే తీసుకపోవాలె అంటదా?"

"అంటది! నేను గూడ వదల్లే. గోంగూరకు ఏమన్న నిశ్చితార్థం అయిందా, ముఖం చూడొద్దా అన్న."

అజీజున్నీసా ఫక్కున నవ్వింది. నవ్వుతుంటే ఆమె భుజాలు కిందికి దిగాయి, ఆ వెనకే మోచేతులు, ఆ వెనకే వేళ్లు. అలివేలుకు తన ఒళ్లో ఆ చెయ్యి వదులవడం స్పష్టంగా తెలిసింది. ఎన్నో వందల సార్లు తన చెయ్యి కూడా ఇలాగే వదులైందని ఆమెకు అప్పుడే తట్టింది.

"పద ఆపా," అంది.

షఫీఉద్దీన్ గాలిపైపుతో ముక్కలన్నీ ఊదేసి, గుడ్డపేలిక తీసేసి సిద్ధంగా ఉన్నాడు. ఈసారి అజీజున్నీసా గాజును వెంటనే ఆనించలేదు. ముందు అరచెయ్యి ఇంజను మీద పెట్టింది. "అలివేలూ, నువ్వు అటు దిక్కు పట్టుకో. ఎంత పెద్దదైనా, కొత్తచోట మనోళ్లు అనేటోళ్లు ఎవరన్న పట్టుకోవాలె." అలివేలు అవతలి వైపు నుంచి ఇంజను మీద చెయ్యి వేసింది.

"ఏం బాపు, ఎన్నేండ్లయింది నీకు?" అని అడిగింది అజీజున్నీసా ఇంజనును.

"డెబ్బైతొమ్మిది మోడల్," అని జవాబిచ్చాడు గోపాలకృష్ణ, ఆయనే ఇంజనైనట్టు.

"యాడికి పోయినవ్ గిన్నేండ్లు?"

"యాదగిరిగుట్ట పోయినం. రెండుసార్లు శ్రీశైలం. ఒకసారి ఘాట్ రోడ్డు మీద ఆగిపోతే రాత్రంతా..."

"ఆగిపోయిన సంగతి ఇప్పుడెందుకండీ!" అంది అలివేలు.

ఆ మాటల మధ్యలోనే గాజు జారింది. గుప్పెడంత గాజు ఉంగరమంత అయింది, ఉంగరం ముక్కుపుడకంత అయింది, గోరుతో ఒక్క నొక్కు నొక్కేసరికి రంధ్రం అడుగుకు పోయి, అక్కడ ఊపిరి వదిలి, గోడలకు ఒత్తుకుని కూర్చుంది. అజీజున్నీసా దాన్ని అర చుట్టు మెలేసింది. రెండోది దాని కొసను అందుకుంది. మూడోది. నాలుగోది. తిన్న వైపు గోడ దగ్గర గాజు తనంతట తానే కొంచెం లావై ఖాళీని నింపింది. ఏడోది అంచుకు సమానంగా వచ్చి ఆగింది. లోపలికి చూస్తే పచ్చటి మెట్లబావి లాగా ఉంది.

"బోల్టు ఇయ్యి," అంది షఫీఉద్దీన్‌తో.

ఆయన ఇవ్వలేదు. కొత్త అట్ట వేసి, మూత పెట్టి, మిగతా రెండు బోల్టులూ బిగించి, మూడో బోల్టు తానే తీసుకుని, పానా లేకుండా ఉత్త వేళ్లతో తిప్పాడు. ఒక చుట్టు. రెండు. ఎక్కడా పట్టడం లేదు, ఎక్కడా వదులుగా ఊగడం లేదు. తన చేత్తో కోసిన చూడీల మీద కూడా బోల్టు ఎప్పుడూ ఇంత మెత్తగా దిగలేదని ఆయనకు తెలిసింది. ఆరు చుట్లయ్యాక పానా తీసుకున్నాడు. బిగించాడు. ఆగాడు.

"ఇంకా తిప్పాలె జీ. ఇట్లుంటే నీళ్లు కారుతయ్," అంది అజీజున్నీసా.

"గాజు బేగం..."

"గాజని నాకు తెల్వదా? తిప్పు."

పావు చుట్టు తిప్పాడు. ఇంజనులోంచి కీచుమని సన్నటి చప్పుడొచ్చింది.

"ఇంకో పావు."

తిప్పాడు. పానా ఆగిపోయింది. బోల్టు రాయిలా నిలబడింది.

తర్వాతదంతా పరుగే. రేడియేటర్‌లో నీళ్లు పోసింది గోపాలకృష్ణ. బానెట్ మూసింది షఫీఉద్దీన్. అలివేలు స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి లేచింది. దాని పాత గురగుర శబ్దం వెనక ఇంకో చప్పుడు, సన్నగా, తేలిగ్గా, గలగలమని. ఎవరో లోపల రొట్టెల పిండి పిసుకుతున్నట్టు.

"వాల్వుల చప్పుడా?" అన్నాడు గోపాలకృష్ణ.

"గాజుల చప్పుడు," అన్నాడు షఫీఉద్దీన్. "ఎక్కండి, ఎక్కండి! రెండయింది!"

నలుగురూ ఎక్కారు. వెనకసీట్లో షఫీఉద్దీన్ ముందుకు వంగి, అలివేలు భుజం మీదుగా వేడి చూపించే ముల్లునే చూస్తున్నాడు. మార్కెట్ దగ్గర ఉల్లిగడ్డల లారీ అడ్డం తిరిగింది. "హారన్ కొట్టు!" అన్నాడు గోపాలకృష్ణ. "హారన్ పని జేస్తలేదు కదండీ పదేండ్ల నుంచి!" అజీజున్నీసా కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేసింది. లారీ జరిగింది. ముల్లు సగం దాటింది, అక్కడే ఆగింది. మూడుకు పది నిమిషాలుండగా టెస్టు ట్రాక్ గేటు కనబడింది.

ముగ్గురూ ఇనపకంచె బయట నిలబడ్డారు. అలివేలు పక్కన ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆమె తర్వాత చెప్పింది.

"ఏందమ్మా ఆ గలగల?" అని అడిగాడట ఇన్‌స్పెక్టర్.

"ఇంజను గాజులేసుకుంది సార్."

"సరే, మీరు చూపు రోడ్డు మీద పెట్టండి," అన్నాడట.

ఎనిమిది అంకె ఆకారంలో తిరగాల్సిన చోట ఆ పొడుగాటి బండి ఓడలాగా తిరిగింది, ఒక్క గీత కూడా తొక్కలేదు. రివర్సు కూడా గట్టెక్కింది. ఇక మిగిలింది చడాయి, ఏటవాలు మెట్ట ఎక్కే పరీక్ష. పోయినసారి ఆమె ఓడిపోయింది అక్కడే. మెట్ట మధ్యలో బండి ఆపాలి, మళ్లీ కదలాలి, వెనక్కి జానెడు మించి జారకూడదు.

అంబాసిడర్ సగం ఎక్కి ఆగింది.

ఇంజను వేడెక్కిన వాసన కంచె దాకా వచ్చింది. షఫీఉద్దీన్‌కు ముల్లు కనబడటం లేదు, కాని అది ఎక్కడుందో తెలుసు. అజీజున్నీసా రెండు చేతులతో కంచె కమ్మీ పట్టుకుంది. గోపాలకృష్ణ కుడికాలు లేని యాక్సిలరేటర్‌ను తొక్కుతోంది.

బండి కదిలింది. వెనక్కి. ఒక వేలెడంత.

"అలివేలూ!" కంచె బయట నుంచి అజీజున్నీసా అరిచింది. "గోంగూర!"

ఆ మాట తనకు వినపడిందో లేదో అలివేలు ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేదు. కాని ఆ క్షణంలో బిగుసుకున్న ఆమె పాదం వదులైంది. క్లచ్ మెల్లగా పైకి వచ్చింది. బానెట్ కింద గాజులన్నీ ఒక్కసారి గలగలలాడాయి. ఆ చప్పుడుకు అవతల వరసలో ఉన్న వాళ్లు కూడా తలెత్తి చూశారు. తెల్ల అంబాసిడర్ మెట్ట ఎక్కి, పైన ఒక్క క్షణం నిలబడి, అవతలి వైపుకు దర్జాగా దిగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ దిగి, కాగితం మీద సంతకం చేసి, "మంచిగ నడిపిన్రు" అన్నాడు. అలివేలు బండి దిగి, కంచె వరకూ నడిచి వచ్చి, అప్పుడు ఏడ్చింది. గోపాలకృష్ణ అద్దం మీది ఎర్ర ఎల్ అక్షరాన్ని గోళ్లతో గీకి గీకి తీస్తూ, "ఎంత గట్టిగ అంటించిన్రు దీన్ని!" అని ఊరికే కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చాక షఫీఉద్దీన్ బానెట్ ఎత్తి, మూత చుట్టూ వేలితో రాశాడు. వేలు పొడిగా ఉంది. అంబాసిడర్ వెళ్లిపోయింది. ఆయన గ్యారేజీ వెనక మూలకు పోయి, మురికి పట్టిన టార్పాలిన్ పట్టా లాగాడు. దాని కింద పాత ఇంజను హెడ్‌లు, స్కూటర్ల తలలు, ఒక జీపు గేరుబాక్సు. ఒక్కోదాన్ని మోసుకొచ్చి వెలుతురులో వరసగా పెట్టాడు. మెట్లెక్కుతున్న అజీజున్నీసా ఆ చప్పుడుకు ఆగి వెనక్కి చూసింది.

"పదకొండు ఉన్నయ్," అన్నాడు షఫీఉద్దీన్ ఆమె వైపు చూడకుండా. "నా చేతిల చూడీలు పోయినయి. ఇంక పనికిరావని చెప్పి మనుషుల్ని పంపించిన. గని పారెయ్యడానికి మనసు రాలే. ఎవలకు చూపియ్యలే ఇవ్వి." కొంచెం ఆగాడు. "నువ్వు చూస్తవా?"

అజీజున్నీసా రెండు మెట్లు దిగింది.

"కింద కూసుండుడు నాతోని గాదు. కుర్సీ కావాలె. మంచిది, చేతులున్నది."

"తెస్త."

"ఇంకోటి. నేను పని చేసేటప్పుడు పక్కన నిలబడి ఇది గాజు, ఇది ఇనుము అనొద్దు."

"అనను," అన్నాడు షఫీఉద్దీన్. ఆ సాయంత్రమే పోయి కుర్చీ కొనుక్కొచ్చాడు.

సోమవారం పదకొండున్నరకు ముప్ఫై క్యారియర్లతో అంబాసిడర్ జల్‌పల్లి వైపు పోయింది. అది గల్లీ మలుపు తిరిగేదాకా గలగల వినిపించింది. నెల తిరిగేసరికి చాదర్‌ఘాట్ నుంచి, అఫ్జల్‌గంజ్ నుంచి, ఇంకా దూరం నుంచి మెకానిక్‌లు గుడ్డల్లో చుట్టుకుని ఇనుము మోసుకు రావడం మొదలైంది. అందరూ తమ చేత్తో విరిగినదాన్ని మొదట కొంచెం దాచిపెట్టి, తర్వాత చూపించేవాళ్లు.

ఒకరోజు కృష్ణయ్య అనే లారీ మెకానిక్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, మోచేతుల దాకా గ్రీజు. భుజం మీద లారీ ఇంజను హెడ్ మోసుకొచ్చి అజీజున్నీసా కుర్చీ ముందు దించాడు. నాలుగు బోల్టులు విరిగి, నాలుగు రంధ్రాలూ పాడైపోయి ఉన్నాయి.

"నిన్నటి నుంచి అన్నం ముడుతలేను తల్లీ. ఓనరుకు ఏం జవాబు చెప్పాలె? అయితదా?"

ఆమె చిటికెన వేలితో నాలుగూ తడిమి చూసింది. "అయితది బిడ్డా, కూసో. ఏ రంగు ఏయమంటవ్?"

కృష్ణయ్య లారీ హెడ్ వైపు ఒకసారి, గాజుల పెట్టెల వైపు ఒకసారి చూశాడు. తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీశాడు.

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాడు. "మా ఇంట్ల అడిగి చెప్త."